గంగారం పిల్లలకు తలకిందుల లెన్సు సలహాలు

కెమెరా కొన్నవాళ్లకు ఊరంతా సలహాదారులే. హనుమకొండ దుకాణంలో అడిగితే పెద్ద జూమ్ చూపిస్తారు. లగ్గాలకు ఫొటోలు తీసే అన్నను అడిగితే ఎఫ్/2.8 లెన్సు లేనిదే పని నడవదంటాడు. రోజూ వీడియోలు చూసే దోస్తు, వెనకంతా మసకైపోకపోతే అది ఫొటోనే కాదని తేల్చేస్తాడు. వీటిలో ఒక్కో మాట ఒక్కో చోట నిజమే. గంగారం మండలంలో పుట్టి పెరిగి, అక్కడి మనుషులను, అడవిని, జాతరలను తీయాలనుకునే పిల్లలకు మాత్రం వీటిలో చాలావరకు పనికిరావు. నేను చెప్పబోయేవి ఈ సలహాలకు పూర్తిగా అడ్డం తిరిగి ఉంటాయి. దుకాణంలో చెబితే నవ్వుతారు కూడా. అయినా ప్రతి మాటా ఆలోచించి, మనసారా చెబుతున్నదే.

ఎందుకో చెబుతాను. గంగారం 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొత్తగూడ నుంచి విడిపోయి, మహబూబాబాద్ జిల్లాలో మండలమైంది. కోయల ఊళ్లున్న ఏజెన్సీ అది. మన ఏజెన్సీ ఫొటోలు ఇంతకాలం ఎక్కువగా బయటివాళ్లే తీశారు. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో నిజాం రాజ్యంలోని చెంచులను, కొండరెడ్లను, రాజ్‌గోండులను తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆ పనికి మనం రుణపడే ఉంటాం. కానీ బయటినుంచి వచ్చినవాళ్లను ఎంత దగ్గరికి రానివ్వాలో ఊరే నిర్ణయిస్తుంది. దూరంగా నిలబడాల్సి వచ్చినవాళ్లకు పొడుగు లెన్సు తప్పదు. మీకు ఆ అవసరం లేదు. అత్త, మామ, బావ అని పిలుస్తూ గడప దాటే చనువు మీకుంది. అది ఏ దుకాణంలోనూ దొరకదు. లెన్సు ఎంచుకోవడమంటే ముందు ఎంత దూరంలో నిలబడాలో ఎంచుకోవడం. కింది సలహాలన్నీ ఈ ఒక్క మాట నుంచి పుట్టినవే.

1. మొదటి ఏడాది ఏ లెన్సూ కొనకండి

కెనాన్ 1500డి లాంటి మొదటి కెమెరాతోపాటు 18-55 లెన్సు ఒకటి వస్తుంది. అందరూ దాన్ని చిన్నచూపు చూస్తారు, నెల తిరక్కముందే అమ్మేయమంటారు. అమ్మకండి. ఈ కెమెరాలో సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది కాబట్టి లెన్సు మీద రాసిన అంకెను 1.6తో గుణించుకోవాలి. నికాన్, సోనీ చిన్న సెన్సర్లలో అయితే 1.5తో. అంటే మీ 18-55 పనిచేసేది దాదాపు 29 నుంచి 88 మిల్లీమీటర్ల దాకా. వాకిట్లో కూర్చున్న కుటుంబం మొత్తం ఒక కొసన పడుతుంది, ఒక్క ముఖం ఇంకో కొసన పడుతుంది. ఊళ్లో రోజూ జరిగే బతుకంతా ఈ రెండు కొసల మధ్యే ఉంటుంది.

ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 మి.మీ. లెన్సు మూల నుంచి మూలకు 84 డిగ్రీల వెడల్పు చూస్తుంది. 50 మి.మీ. 47 డిగ్రీలు, 85 మి.మీ. 28 డిగ్రీలు, 200 మి.మీ. 12 డిగ్రీలు, 400 మి.మీ. 6 డిగ్రీలే చూస్తాయి. ఈ అంకెలు బట్టీపట్టక్కర్లేదు. ఒక నెల 18 దగ్గరే ఉంచి తీయండి. ఇంకో నెల 35 దగ్గర, మరో నెల 55 దగ్గర. జూమ్ రింగు కదలకుండా టేపు అంటించండి. ఏడాది తర్వాత కంప్యూటర్‌లో మీ ఫొటోల వివరాలు తెరిస్తే ఏది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో కనిపిస్తుంది. మీకు నచ్చిన ఫొటోలన్నీ ఎక్కడ పోగుపడ్డాయో చూడండి. మీరు కొనాల్సిన లెన్సు ఏదో ఆ జాబితాయే చెబుతుంది.

2. మనుషులను తీసేటప్పుడు ముందే జూమ్ ముట్టుకోకండి

వైడ్ లెన్సు ముఖాన్ని పాడుచేస్తుందని, పొడుగు లెన్సు అందంగా చూపిస్తుందని అంటుంటారు. ముఖం పాడైనా బాగుపడినా కారణం దూరమే. ముక్కు కొసకూ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లు ఉందనుకోండి. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదిగా పడుతుంది. అదే మీటరున్నర దూరంలో నిలబడితే ఆ తేడా 8 శాతానికి తగ్గిపోతుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మనం ఒకరినొకరం చూసుకునే దూరం దాదాపు అదే. అందుకే ఆ ముఖం మనకు తెలిసిన ముఖంలా ఉంటుంది.

కాబట్టి ముందు మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో నిలబడండి. ఆ తర్వాత లెన్సు తిప్పండి. ముఖం, భుజాలు కావాలంటే 55 దగ్గరికి వెళ్లండి. మంచం, దండెం, వెనక గోడ కూడా కావాలంటే 35కు రండి. ఇద్దరు ముగ్గురు ఉంటే 24కు తగ్గించండి. దగ్గరికి వెళ్లకుండా దూరం నుంచే 200 మి.మీ. జూమ్ లాగితే అవ్వ ముఖం పెద్దగా వస్తుంది కానీ, ఆమె మీతో మాట్లాడుతున్నట్టు ఉండదు. వరంగల్లు గడ్డ మీద పుట్టి, తెలంగాణ పల్లె బతుకును, బతుకమ్మను తీసి, 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ ఫొటోలను వెతికి చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన కార్టియే బ్రెసాన్ జీవితంలో ఎక్కువభాగం ఒక్క 50 మి.మీ. లెన్సుతోనే గడిపాడు. వాళ్ల ఫొటోల్లో మనుషులకూ కెమెరాకూ మధ్య ఎంత దూరం ఉందో అంచనా వేయండి. ఆ అలవాటు వంద పాఠాలకు సమానం.

3. జాతరలో ఆటోఫోకస్ ఆపేయండి

పూనుగొండ్ల మీ మండలంలోనే ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పగిడిద్దరాజు బయలుదేరేది అక్కడి నుంచే. సమ్మక్క భర్తగా కొలిచే ఆ దేవుడి పడిగెను పెనక వంశంవాళ్లు ఎత్తుకుని, డోలు చప్పుళ్ల మధ్య అడవి దారిన నడుస్తూ ములుగు జిల్లాలోని మేడారానికి తీసుకెళ్తారు. జాతర మొదలయ్యే బుధవారం సారలమ్మ, గోవిందరాజుతోపాటు పగిడిద్దరాజు కూడా గద్దెలకు చేరుతాడు. అక్కడికి ముందుగా వెళ్లి, బారికేడ్ల వెనక పొడుగు లెన్సులతో నిలబడేవాళ్లు చాలామంది ఉంటారు. దారి పొడవునా వెంట నడవడం మాత్రం ఊరివాళ్లకే వీలవుతుంది.

నడుస్తున్న గుంపులో ఆటోఫోకస్ తికమకపడుతుంది. ఎవరి చెయ్యో అడ్డమొస్తే దాని మీద కూర్చుంటుంది, పైన ఊగే గుడ్డ మీదికి పోతుంది. అందుకే ఇలా చేయండి. లెన్సును 18 దగ్గర పెట్టండి. ఎపర్చర్ ఎఫ్/8కు తెండి. ఏడడుగుల దూరంలో ఒక మనిషిని నిలబెట్టి ఫోకస్ చేయండి. వెంటనే లెన్సు పక్కనున్న మీటను ఏఎఫ్ నుంచి ఎంఎఫ్‌కు జరపండి. ఇక ఫోకస్ రింగును ముట్టుకోవద్దు. ఇప్పుడు మీకు మూడున్నర అడుగుల దూరం నుంచి అడవి అంచు దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. లెన్సు ఎంత వెడల్పుగా చూస్తే, ఎపర్చర్ రంధ్రం ఎంత చిన్నదైతే, స్పష్టత అంత లోతుగా పరుచుకుంటుంది. పాత విలేఖరి ఫొటోగ్రాఫర్లు కూడా ఈ లెక్క మీదే బతికారు. 

ఐఎస్ఓ 400 పెడితే ఎండలో షట్టర్ 1/500 కంటే వేగంగానే దొరుకుతుంది. చెట్ల నీడలోకి వెళ్తే 800కో 1600కో పెంచండి. కెమెరాను కంటికి ఆనించకుండా ఛాతీ దగ్గర పట్టుకుని నడుస్తూ కూడా తీయొచ్చు. మీ చూపు దారి మీద, మనుషుల మీద ఉంటుంది. ఆ రోజంతా లెన్సు మార్చకండి. ఎర్ర దుమ్ము, పసుపు, బండారి గాలిలో ఉన్నప్పుడు లెన్సు విప్పితే అవి నేరుగా సెన్సర్ మీదే పడతాయి.

4. మసక కోసం డబ్బు పెట్టకండి

50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అన్నింటికంటే చవకైన మంచి లెన్సు. అందరూ దాన్ని కొనేది వెనకభాగం మసకబారడానికి. మీరు వెలుతురు కోసం కొనండి. కెమెరాతో వచ్చిన మీ 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. 5.6ను 1.8తో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే గుణిస్తే 9.7 వస్తుంది. అంటే ఈ లెన్సు దాదాపు పదింతల వెలుతురు లోపలికి పంపుతుంది. ఒక్క బల్బు వెలుగుతున్న వంటింట్లో కిట్ లెన్సుతో 1/10 సెకను పట్టేచోట దీనితో 1/100 దొరుకుతుంది. పొయ్యి దగ్గర అమ్మ చెయ్యి కదిలినా చెదరదు, కళ్లు మిరుమిట్లుగొలిపే ఫ్లాష్ అక్కర్లేదు.

మసకకు ఒక హద్దుంది. ఇదే లెన్సును ఎఫ్/1.8 దగ్గర ఉంచి మీటరున్నర దూరం నుంచి తీస్తే, స్పష్టంగా ఉండే లోతు 6 సెంటీమీటర్లే. కళ్లు స్పష్టంగా ఉంటే చెవులు కరిగిపోతాయి. మనిషి వెనకున్నదంతా రంగు మచ్చలవుతుంది. ఆ వెనక ఏముంది? మట్టి గోడ, ఇప్పపూలు ఆరబోసిన చాప, దూలానికి వేలాడే సొరకాయ బుర్ర, గోడ మీద రాసిన ఓటరు నంబరు. యాభై ఏళ్ల తర్వాత ఆ ఫొటో చూసేవాళ్లు ముందు వెతికేది వాటినే. వాటిని చెరిపేయడానికి డబ్బు ఖర్చు పెట్టకండి. పగటిపూట ఎఫ్/5.6, ఎఫ్/8 దగ్గరే తీయండి. చీకట్లో మాత్రమే పూర్తిగా తెరవండి. ఎఫ్/16, ఎఫ్/22కు మాత్రం పోకండి. అంత చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుతురు చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

5. గ్రూప్ ఫొటోలో పెద్దవాళ్లను అంచుకు జరపకండి, మీరే వెనక్కి జరగండి

లగ్గంలో స్టేజీ చిన్నది, చుట్టాలు ఎక్కువ. అందరూ పట్టాలని 18 దగ్గర పెట్టి తీస్తారు. వైడ్ లెన్సు గీతలను తిన్నగా ఉంచడానికి అంచుల్లో ఉన్నవాటిని పక్కలకు సాగదీస్తుంది. అంచున నిలబడ్డ పెదనాయన తల సొట్టపోయినట్టు, మేనత్త భుజం రెండింతలైనట్టు వచ్చేది అందుకే. ఆ ఆల్బం పదేళ్లపాటు ఇంట్లో తిరుగుతుంది.

కుర్చీలు పక్కకు తీయించండి, స్టేజీ దిగి నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లండి, లెన్సును 35 దగ్గర పెట్టండి. ఒక్క వరుసలో పట్టకపోతే రెండు మూడు వరుసలు చేయండి. ఎఫ్/5.6 దగ్గర ఆ దూరంలో రెండున్నర మీటర్లకు పైగా లోతు స్పష్టంగా వస్తుంది, కాబట్టి మూడు వరుసలకు సరిపోతుంది. ఫోకస్ ముందు వరుసలోవాళ్ల కళ్ల మీద పెట్టండి. అందరినీ తొందరపెట్టేది ఫొటోగ్రాఫరే అనుకుంటారు. మీరు నిదానంగా ఉంటే వాళ్లూ నిదానంగానే నిలబడతారు.

6. రామప్పలో వైడ్ లెన్సు బ్యాగులోనే ఉంచండి

పాలంపేట రామప్ప గుడి 1213లో కట్టింది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడికి వెళ్లిన ప్రతివాళ్లూ గుడికి అతుక్కుపోయేంత దగ్గరగా నిలబడి, వైడ్ లెన్సును ఆకాశానికి ఎత్తుతారు. శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరాను పైకి వంచినప్పుడు నిలువు గీతలు లోపలికి ఒరుగుతాయి, లెన్సు ఎంత వెడల్పైతే అంత ఎక్కువగా. హైదరాబాదు ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో కట్టడాలను తీయడానికి వాడిన బెల్లోస్ కెమెరాల్లో, కెమెరాను వంచకుండా లెన్సు పలకను మాత్రమే పైకి జరిపే వీలుండేది. అందుకే ఆ కాలపు మంచి కట్టడాల ఫొటోల్లో గోడలు గోడల్లాగే నిలబడి కనిపిస్తాయి. మన కెమెరాలో ఆ వీలు లేదు కాబట్టి ఆవరణ చివరిదాకా వెనక్కి నడవండి. కెమెరాను సమంగా పట్టుకోండి. కింద ఖాళీ నేల ఎక్కువ వస్తే ఇంటికి వచ్చాక కత్తిరించుకోండి.

ఇక చూరు కింద నల్లరాతి మదనికల శిల్పాల దగ్గర పొడుగు లెన్సు తీయండి. ఈ మొత్తం వ్యాసంలో పొడుగు లెన్సు వాడమని నేను గట్టిగా చెప్పే చోటు ఇదే. వాళ్లు మీకంటే చాలా ఎత్తులో ఉన్నారు. దగ్గరికి వెళ్లే వీలులేదు, వెళ్లినకొద్దీ కింది నుంచి గడ్డం మాత్రమే కనిపిస్తుంది. వెనక్కి జరిగి 85 నుంచి 135 మధ్య తీస్తే మెడలో హారాలు, కాలి గజ్జెలు, చెప్పులతో సహా కనిపిస్తాయి. భూపాలపల్లి జిల్లా ఘన్‌పూర్ కోటగుళ్లలోనూ ఇదే పద్ధతి. అక్కడ జనం తక్కువ కాబట్టి తీరిగ్గా నేర్చుకోవచ్చు. ఇలాంటి రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. 

7. పాకాలకు 600 కొనకండి

పక్షుల ఫొటోలు చూసి 150-600 కోసం అప్పు చేసిన పిల్లలు ఉన్నారు. పాకాల చెరువు కాకతీయుల నాటిది, చుట్టూ అభయారణ్యం. అంత పెద్ద నీటి మీద ఎండాకాలం పొద్దెక్కాక గాలి సెగకు అలలుగా కదులుతుంటుంది. ఆ గాలి గుండా ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా పక్షి ఈకలు కరిగినట్టే వస్తాయి. లెన్సు పొడుగైనకొద్దీ చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. 600 మి.మీ. పట్టుకోవాలంటే కనీసం 1/600 సెకను కావాలి, మీ చిన్న సెన్సర్ మీద దాదాపు 1/1000. తెల్లవారుజామున అంత వెలుతురు ఉండదు, వెలుతురు వచ్చేసరికి సెగ మొదలవుతుంది.

పక్షుల మీద నిజమైన ప్రేమ ఉంటే 400 పైబడిన లెన్సు తప్పదు, దాన్ని కాదనను. అప్పుడు కూడా కొనేముందు రెండు మూడు రోజులు అద్దెకు తీసుకుని చూడండి. మిగిలినవాళ్లు 18-55తోనే వెళ్లండి. పక్షి చిన్న చుక్కలా పడినా ఫరవాలేదు. చెరువు, మొండి చెట్టు, పొగమంచు, వల తీస్తున్న మనిషి, పక్కన కొంగ, అన్నీ ఒకే ఫొటోలో ఉంటే అది పాకాల. కొంగ ఒక్కటే ఫ్రేము నిండా ఉంటే అది ఏ చెరువుదో ఎవరూ చెప్పలేరు. ఇక గూళ్ల దగ్గరికి మాత్రం ఏ లెన్సుతోనూ వెళ్లకండి. తల్లి లేచిపోతే గుడ్లు చల్లారిపోతాయి.

8. లెన్సు తిరగేసి పెట్టండి

జనగామ పక్కనే పెంబర్తి. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో వెనక నుంచీ ముందు నుంచీ కొట్టి బొమ్మలు లేపుతారు. ఆ పనిని దగ్గరగా తీయాలంటే మాక్రో లెన్సు కావాలి. 100 మి.మీ. మాక్రో ఖరీదు మీ కెమెరాకంటే ఎక్కువ ఉండొచ్చు. దానికి ముందు ఒక చవక మార్గం ఉంది. పాత 50 మి.మీ. లెన్సును తిరగేసి, ముందుభాగాన్ని కెమెరాకు బిగించండి. అందుకు రివర్స్ రింగు అని కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. లెన్సు తిరగబడగానే దగ్గరి వస్తువులను పెద్దవిగా చూపించడం మొదలుపెడుతుంది. ఆటోఫోకస్ ఉండదు, కెమెరాకు లెన్సుతో మాట ఉండదు. అందుకే ఎపర్చర్ రింగు ఉన్న పాత లెన్సే మేలు. ఫోకస్ కోసం రింగు తిప్పకుండా మీరే ముందుకూ వెనక్కీ మెల్లగా కదలండి. 

ఇత్తడి మెరుపు తగ్గించడానికి పోలరైజర్ కొనమంటారు. కొనకండి. పోలరైజర్ నీటి మీద, గాజు మీద, ఆకుల మీద మెరుపును కోస్తుంది, చెరువు ఫొటోలకు ఎంతో మంచిది. ఒట్టి లోహం మీది మెరుపును అది ఏమీ చేయలేదు. ఇత్తడి తన ఎదుట ఏముంటే దాన్నే చూపిస్తుంది. నల్ల చొక్కా వేసుకుని వంగితే నల్ల మచ్చ పడుతుంది, కిటికీ ఎదురుగా ఉంటే తెల్ల చారికలు పడతాయి. కాబట్టి రేకు ఎదురుగా ఒక తెల్ల పంచె పట్టుకొమ్మని ఎవరినైనా అడగండి. పంచె తెలుపు రేకంతా సమంగా పరుచుకుంటుంది. ఉలి దెబ్బ పడిన ప్రతి చుక్క చుట్టూ ఒక సన్నని నీడ లేస్తుంది. అప్పుడు ఆ చేతిపని విలువ ఫొటోలో తెలుస్తుంది.

9. పాత స్టూడియోల తలుపు తట్టండి

కొత్త లెన్సు కొనడానికి హైదరాబాదు కోఠికి వెళ్లేముందు, నర్సంపేటలోనో మానుకోటలోనో రీలు కాలం నుంచి ఉన్న స్టూడియోకు వెళ్లండి. అల్మారాలో ఒక పాత 50 మి.మీ. ఉండే అవకాశం ఎక్కువ. నికాన్ తన లెన్సు బిగింపును 1959లో తెచ్చింది, దానికి సరిపడే లెన్సులు దశాబ్దాలపాటు వచ్చాయి. మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే మరలతో బిగించే పాత లెన్సులు కూడా ఒక చిన్న అడాప్టర్‌తో పనిచేస్తాయి. పాత లెన్సు మీద దూరం అంకెలు, ఎపర్చర్ అంకెలు చెక్కి ఉంటాయి. మూడో సలహాలో చెప్పిన లెక్క దాని మీద కళ్లారా కనిపిస్తుంది. 

కొనేముందు ఒక పరీక్ష చేయండి. రెండువైపులా మూతలు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. అద్దాల లోపల సాలెగూడులాంటి సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. ఎపర్చర్ రెక్కల మీద నూనె తడి ఉన్నా వదిలేయండి. లోపల రెండు దుమ్ము రేణువులున్నంత మాత్రాన భయపడొద్దు.

10. యూవీ ఫిల్టరు తీసేయండి, తుడవడం మానేయండి

కొత్త లెన్సు కొన్నరోజే దాని ముందు చవక యూవీ ఫిల్టరు బిగిస్తారు. వేల రూపాయల అద్దం ముందు వందల రూపాయల అద్దం పెట్టినట్టవుతుంది. రాత్రి బతుకమ్మ దగ్గర, దీపాల ఎదుట తీసినప్పుడు ఆ ఫిల్టరే వెలుతురును లెన్సుకూ తనకూ మధ్య అటూ ఇటూ కొట్టి, ఫొటోలో దయ్యపు దీపాలు పుట్టిస్తుంది. దాని బదులు హుడ్ పెట్టండి. పక్కనుంచి పడే ఎండను ఆపుతుంది, కిందపడితే దెబ్బా తానే తింటుంది. జాతరలో కొబ్బరినీళ్లు, బండారి, బెల్లం జిగట చిమ్మేచోట మాత్రం మంచి ఫిల్టరు ఉంచుకోండి, పని అవగానే తీసేయండి.

ముందు అద్దం మీద దుమ్ము కనిపిస్తే లుంగీ కొసతో రుద్దే అలవాటు మానండి. నాలుగు దుమ్ము రేణువులు ఫొటోలో కనపడవు. వాటిని రుద్దితే పడే గీతలు ఎప్పటికీ పోవు. చిన్న రబ్బరు బుంగతో గాలి ఊదండి, చాలు. వానాకాలంలో లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. తోలు తేమను పట్టుకుంటుంది, చీకట్లో ఫంగస్ పెరుగుతుంది. బియ్యం డబ్బాలోనూ పెట్టకండి, తవుడు పొడి లెన్సు సందుల్లోకి పోతుంది. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. అన్నిటికంటే మంచి మందు రోజూ వాడడం. గాలి, వెలుతురు తగిలే లెన్సుకు ఫంగస్ తొందరగా పట్టదు.

11. అన్నిటికంటే ముఖ్యమైన భాగం మూత

దగ్గరికి వెళ్లే చనువు ఉందన్నాను. ఆ చనువు అందరిదీ, కెమెరా మీ ఒక్కరిదే. పూజారులు తీయొద్దన్న చోట మూత పెట్టేయండి. పూనకంలో ఉన్న ఆడమనిషిని, స్నానఘట్టం దగ్గరున్నవాళ్లను, శవం ముందు ఏడుస్తున్నవాళ్లను, అడగకుండా ఏ లెన్సుతోనూ తీయకండి. పొడుగు లెన్సు చేసే పెద్ద హాని ఇదే. అడగాల్సిన అవసరం తప్పించి, దూరం నుంచి దొంగచాటుగా తీయడం నేర్పుతుంది. మీటరున్నర దూరంలో నిలబడ్డవాళ్లు ఎదుటి మనిషి కళ్లలోకి చూడక తప్పదు. కాదంటే ఆ కాదన్నమాట వినపడుతుంది.

తీసిన ఫొటోను తిరిగి ఇవ్వండి. ఫోన్‌కు పంపితే చాలదు, చాలామంది పెద్దవాళ్లకు ఆ ఫోన్ ఉండదు, ఉన్నా ఏడాదికి అది పోతుంది. పెద్ద లెన్సు కోసం దాచుకున్న డబ్బులో కొంత తీసి ప్రింట్లు వేయించండి. వెనక పేరు, ఊరు, తేదీ రాయండి. ఒకటి వాళ్లకు ఇచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గంగారం, పూనుగొండ్ల, కొత్తగూడ ఊళ్ల ఫొటోలు లండన్ అల్మారాల్లో కాకుండా, ఆ ఊళ్ల గోడల మీదే ఉండాలంటే ఇదొక్కటే దారి. మీ దగ్గరున్న 18-55 దానికి సరిపోతుంది. రేపు పొద్దున మీ ఇంటి పక్కనున్న అవ్వతో మొదలుపెట్టండి.